ఎండపూట ఛార్జింగ్ ఎందుకు ఎక్కదు?



ఏప్రిల్ సగం గడిచిందంటే హైదరాబాదులోని రాయదుర్గం వైపు ఒక మాట తరచుగా వినబడుతుంది. "ఛార్జింగ్ ఎక్కట్లేదు సార్" అని. మెట్రో స్టేషన్ కింద పార్సిల్ సంచీ తగిలించుకుని నిలబడ్డ కుర్రాడు తన స్కూటర్ గురించి అంటాడు. నాలెడ్జ్ సిటీ వైపు క్యాంపస్‌లో లాన్ చూసుకునే తోటమాలి తన గడ్డి కోసే రోబో గురించి అంటాడు. నేను బ్యాటరీల పని చూసే ఇంజనీరుని కాబట్టి ఇద్దరూ అడిగేది ఒకటే. బ్యాటరీ పోయిందా, మార్చాలా? చాలాసార్లు బ్యాటరీ పోదు. ఎండ నుంచి తనను తాను కాపాడుకుంటూ ఉంటుంది, అంతే. ఆ పని దాన్ని చేసుకోనివ్వాలంటే మన వైపు నుంచి ఏం కావాలో ఈ పూట మీతో చెప్పాలని ఉంది.

గడ్డి కోసే రోబో మన ఊళ్లో ఇంకా అరుదైన వస్తువే. చూడనివాళ్ల కోసం కాస్త చెబుతాను. మోకాలి ఎత్తు కూడా ఉండదు. కింద చిన్న బ్లేడ్లు తిరుగుతుంటాయి. లాన్ చుట్టూ నేలలో పాతిన తీగనో, ఉపగ్రహ సంకేతాలనో హద్దుగా పెట్టుకుని, గడ్డిని రోజూ కొంచెం కొంచెంగా గొరుగుతూ పోతుంది. బ్యాటరీ తగ్గగానే ఎవరూ పిలవకుండానే వెనక్కి వచ్చి ఛార్జింగ్ స్టాండ్‌లో దూరుతుంది. స్టాండ్‌కి రెండు లోహపు పట్టీలు, యంత్రానికి రెండు పట్టీలు ఉంటాయి. అవి ఒకదానికొకటి ఆనితే కరెంటు ఎక్కుతుంది. గంటో గంటన్నరో ఛార్జ్ అయ్యి మళ్లీ బయల్దేరుతుంది.

మే నెలలో ఒక మధ్యాహ్నం నేను చూసిన సంగతి ఇది. రెండు గంటల వేళ యంత్రం స్టాండ్‌లోకి వచ్చి ఆగింది. నిలకడగా వెలగాల్సిన దీపం ఆగి ఆగి వెలుగుతోంది. తోటమాలి భుజం మీది తువ్వాలు తీసి పట్టీలు తుడిచాడు. ప్లగ్ తీసి మళ్లీ పెట్టాడు. యంత్రాన్ని వెనక్కి లాగి మళ్లీ లోపలికి తోశాడు. ఏం చేసినా దీపం తీరు మారలేదు. పైమూత మీద నేను అరచెయ్యి ఆనిస్తే నిలవలేదు, అంత వేడి. "పాడైపోయింది సార్, కంపెనీవాళ్లకు ఫోన్ చేస్తా" అన్నాడు. పొద్దు వాలేదాకా ఆగమన్నాను. ఎండ పక్క బిల్డింగు వెనక్కి వెళ్లి స్టాండ్ మీద నీడ పడ్డాక, కొంతసేపటికి, ఎవరూ ముట్టుకోకుండానే దీపం నిలకడగా వెలిగింది.

లోపల జరిగిందేమిటంటే, దాదాపు ప్రతి లిథియం అయాన్ బ్యాటరీ ప్యాక్‌లో వేడిని కొలిచే చిన్న సెన్సర్ ఉంటుంది. దాని మాట వినే సర్క్యూట్ ఒకటి ఉంటుంది. చాలా ప్యాక్‌లకు ఛార్జింగ్ చేయదగ్గ వేడి సున్నా నుంచి 45 డిగ్రీల మధ్య అని హద్దు పెడతారు. వాడుకోవడానికైతే ఆ హద్దు 60 దాకా పోతుంది. అంటే 50 డిగ్రీల వేడిలో కూడా యంత్రం గడ్డి కోయగలదు, స్కూటర్ పరుగెత్తగలదు. కానీ అదే వేడిలో ఛార్జింగ్ తీసుకోదు. తిరిగినంతసేపూ బాగా తిరిగిన బండి ప్లగ్ పెట్టగానే మొరాయిస్తే అది లోపమనే మనకు తోస్తుంది. రెంటికీ హద్దులు వేరని తెలిస్తే ఆ కంగారు ఉండదు.

ఇక్కడ మరో సందేహం వస్తుంది. రేడియోలో ఈరోజు గరిష్ఠ ఉష్ణోగ్రత 42 అని చెప్పారు కదా, 45 దాటలేదు కదా అని. వాతావరణ శాఖ చెప్పే 42 అనేది నీడలో, గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, నేలకు మనిషి ఛాతీ ఎత్తున కొలిచిన లెక్క. మన యంత్రం అలాంటి చోట ఉండదు. అది నేలబారున ఉంటుంది, ఎండలో ఉంటుంది, దాని మూత ముదురు రంగులో ఉంటుంది. మే నెల మధ్యాహ్నం తారురోడ్డూ బండరాయీ 60 డిగ్రీల దాకా కాగుతాయి. రాయదుర్గం అంతా గ్రానైటు గుట్టలు పగలగొట్టి కట్టిన చోటు. మిగిలిన రాయి, పోసిన కాంక్రీటు పగలంతా వేడి తాగి రాత్రి నెమ్మదిగా వదులుతాయి. దానికితోడు అద్దాల బిల్డింగుల మీద పడిన ఎండ తిరిగి కిందికి కొడుతుంది. ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్లకు ఇది బాగా తెలుసు. నెత్తిన ఒక ఎండ, పక్క నుంచి ఇంకో ఎండ. హైదరాబాదులో ఇప్పటిదాకా నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న. సరిగ్గా రోహిణి కార్తెలో. రోళ్లు పగిలే ఎండలని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ రోజున రాయదుర్గంలో అద్దాల గోడ ఒక్కటి కూడా లేదు.

బయటి వేడికి లోపలి వేడి తోడవుతుంది. గంటసేపు మోటారు తిప్పిన బ్యాటరీ అప్పటికే వేడెక్కి ఉంటుంది. ఛార్జింగ్ కరెంటు పారేటప్పుడు ఇంకొంత వేడి పుడుతుంది. ఈ వేడి లెక్క గుర్తుంచుకోవలసింది. కరెంటు రెట్టింపు చేస్తే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. అందుకే ఎండాకాలంలో ఫాస్ట్ ఛార్జర్ కంటే నిదానంగా ఎక్కించే ఛార్జరే మేలు. గంట ఆలస్యమవుతుంది, బ్యాటరీ మాత్రం చల్లగా ఉంటుంది.

45 దాటితే లోపల చెడేదేమిటి? సెల్ లోపల ఒకవైపు గ్రాఫైటు పూత పూసిన రేకు ఉంటుంది. మొదటిసారి ఛార్జ్ చేసినప్పుడే దాని మీద అతి పల్చటి పొర కడుతుంది. పాలు కాగుతున్నకొద్దీ మీగడ కట్టినట్టు కడుతుంది. ఆ పొర ఉండాలి, గ్రాఫైటును కాపాడేది అదే. కానీ వేడి ఎక్కువైనకొద్దీ అది దళసరి అవుతుంది. దళసరి అయ్యేటప్పుడు పనిచేయాల్సిన లిథియంలో కొంత అందులో చిక్కుకుపోతుంది. చిక్కుకున్నది మళ్లీ తిరిగి రాదు. ఎండలో ఛార్జ్ చేసిన ప్రతిసారీ కొంచెం కొంచెం కెపాసిటీ అలా పోతుంది. మీకు తెలిసేది ఏడాది తర్వాత, మైలేజీ తగ్గినప్పుడు. రసాయన చర్యలకు ఒక మోటు లెక్క ఉంది. పది డిగ్రీలు పెరిగితే వాటి వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని. 25 డిగ్రీల గదిలో ఉన్న బ్యాటరీకీ 45 డిగ్రీల ఎండలో ఉన్న బ్యాటరీకీ వయసు ఒకే తీరున పెరగదు.

అలాగని వెచ్చదనమంతా చెడ్డదని కాదు. మరీ చల్లగా ఉన్న బ్యాటరీకి ఛార్జింగ్ ఇంకా ప్రమాదం. గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేస్తే లిథియం గ్రాఫైటు లోపలికి పోలేక పైనే లోహంగా పేరుకుంటుంది. చలిదేశాల్లో ఎలక్ట్రిక్ కార్లు ఫాస్ట్ ఛార్జింగ్‌కు ముందు బ్యాటరీని కావాలనే వెచ్చబెట్టుకుంటాయి. మన దగ్గర ఆ అవసరమే రాదు. మన అవస్థంతా పైహద్దుతోనే.

ఈ హద్దుల విషయం ప్రపంచం దెబ్బ తిన్నాకే గట్టిగా పట్టించుకుంది. 2006లో లాప్‌టాప్ బ్యాటరీలు కాలిపోయి లక్షల సంఖ్యలో వెనక్కి తీసుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాది జపాన్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల సంఘం, అక్కడి బ్యాటరీల సంఘం కలిసి మార్గదర్శకాలు తెచ్చాయి. ఎంత వేడిలో ఎంత కరెంటు పంపాలి, ఎంత ఓల్టేజీ దగ్గర ఆపాలి అని అందులో మెట్లుమెట్లుగా ఉంటుంది. ఇవాళ మీ చేతిలోని ఫోన్ ఎండలో పెడితే ఛార్జింగ్ నెమ్మదించడం వెనక ఉన్నది ఆ ఆలోచనే.

గడ్డి కోసే రోబో ఎదిగింది స్వీడన్‌లో. హస్క్‌వర్నా అనే కంపెనీ 1995లో సౌరశక్తితో నడిచే మోవర్‌ను తెచ్చింది. అక్కడ జూలైలో కూడా పగటి వేడి సగటున 25 దాటదు. ఎండ దానికి మేతగా పనికొచ్చింది. ఛార్జింగ్ స్టాండ్లు తర్వాత వచ్చాయి. అలాంటి వాతావరణంలో ఎదిగిన యంత్రం ఇప్పుడు మన ఎండలకూ, డాలస్ ఎండలకూ వచ్చింది. డాలస్ పేరు ఎందుకు ఎత్తానంటే, ఆ చుట్టుపక్కల ఫ్రిస్కోలో, ప్లేనోలో, అర్వింగ్‌లో మనవాళ్ల ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఇంటి వెనక లాన్ పెంచడం అక్కడ తప్పనిసరి పనుల్లో ఒకటి. 2011 వేసవిలో డాలస్‌లో 71 రోజులపాటు వేడి వంద ఫారన్‌హీట్, అంటే దాదాపు 38 సెల్సియస్, అందుకుంది లేదా దాటింది. అక్కడ స్టాండ్ ఇంటికి పడమటి వైపు పెడితే మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎండ దాని మీదే. ఉత్తరం గోడ పక్కనో, తూర్పు వైపో పెడితే ఆ బాధ చాలావరకు తీరుతుంది. రాయదుర్గంలోనైనా ఇదే సూత్రం. అసలు స్టాండ్ ఎక్కడ పెట్టాలన్నది కొనే ముందు చూసుకోవాల్సిన సంగతి. మనవాళ్లు ప్లగ్ పాయింటు ఎక్కడుంటే అక్కడ పెట్టేస్తారు.

ఇందులో ఇంకో చిక్కుంది. మన లాన్లలో చాలాచోట్ల ఉండేది బెర్ముడా గడ్డి. అంటే మన గరికే. నీళ్లు పడితే చాలు, గరిక ఎండాకాలంలోనే బాగా ఏపుగా పెరుగుతుంది. క్యాంపస్‌లలో శుద్ధి చేసిన నీళ్లు రోజూ పెడతారు. కాబట్టి రోబోకు పని ఎక్కువుండేది ఎండలు మండే నెలల్లోనే. పని ఎక్కువైతే రోజుకు ఛార్జింగులూ ఎక్కువ. చలికాలంలో తేలిగ్గా గడిచిపోయే యంత్రం మే నెలలో అటు గడ్డికీ ఇటు ఎండకీ చిక్కుతుంది. దీనికి నేను చెప్పేది వేళ మార్చమని. తెల్లవారుజామున నాలుగున్నర, అయిదు నుంచి ఎనిమిది లోపు ఒక విడత, పొద్దు వాలాక ఇంకో విడత పెట్టండి. మధ్యాహ్నం పూర్తిగా విశ్రాంతి. గడ్డికీ ఇదే మంచిది, మిట్టమధ్యాహ్నం కోస్తే కొసలు మాడిపోతాయి. మన దగ్గర మే నెలలో తెల్లవారుజామున వేడి సగటున 26 డిగ్రీలకు దిగుతుంది. రోజు మొత్తం మీద బ్యాటరీకి అనువైన వేళ అదే.

స్కూటర్ల దగ్గరికొచ్చేసరికి ఇదే మాట అంత సులభంగా చెప్పలేను. 2022 ఏప్రిల్‌లో, ఒకే వారంలో, నిజామాబాద్‌లో ఒక ఇంట్లోనూ విజయవాడలో ఒక ఇంట్లోనూ రాత్రి ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలాయి. నిజామాబాద్‌లో ఎనభై ఏళ్ల పెద్దాయన పోయారు. విజయవాడలో ఒక కుటుంబ యజమాని పోయారు. ఇంటిల్లిపాదీ నిద్రలో ఉన్న వేళ అది. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద, సెల్లార్‌లోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం నుంచి మంటలు, పొగ మెట్ల దారి గుండా పైకి ఎగబాకి ఎనిమిదిమంది చనిపోయారు. ఇవి తలుచుకున్నప్పుడల్లా గుండె బరువెక్కుతుంది. ఎండ ఒక్కటే ఇంత పని చేసిందని నేను అనను. ఆ ఏడాది వరసగా జరిగిన ప్రమాదాల్లో సెల్స్‌లోనూ, ప్యాక్‌ల తయారీలోనూ లోపాలున్నాయని తేలింది. కానీ లోపమున్న ప్యాక్ చల్లటి రోజుల్లో నెట్టుకొస్తుంది. ఎండ ఆ కాస్త వెసులుబాటును మింగేస్తుంది. సెల్ లోపలి పొర 80, 90 డిగ్రీల దగ్గర నుంచే విరగడం మొదలై తనే వేడి పుట్టిస్తుంది. రెండు రేకుల మధ్య ఉండే ప్లాస్టిక్ తెర 130 డిగ్రీల ప్రాంతంలో కరుగుతుంది. ఆ తర్వాత ఎవరి చేతిలోనూ ఉండదు.

ఆ ప్రమాదాల తర్వాత కేంద్ర రవాణా శాఖ నిపుణుల సంఘాన్ని వేసింది. దానికి అధ్యక్షత వహించింది మన హైదరాబాదులోని ఏఆర్‌సీఐ అప్పటి డైరెక్టర్ టాటా నరసింగరావు గారు. బాలాపూర్ దగ్గరున్న ఈ పరిశోధన సంస్థ లిథియం బ్యాటరీ పదార్థాల మీద చాలాకాలంగా పనిచేస్తోంది. సంఘం సిఫార్సుల మీద ఏఐఎస్ 156 అనే ప్రమాణాన్ని సవరించి, 2022 డిసెంబరు 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత అమల్లోకి తెచ్చారు. ప్యాక్ లోపల అసాధారణంగా వేడి పుడితే ముందే దీపంతోనూ శబ్దంతోనూ హెచ్చరించాలి. ఒక సెల్ కాలితే పక్క సెల్స్‌కు అంటుకోకుండా ఉండాలి. ఇలాంటివి అందులో ఉన్నాయి. సెకండ్ హ్యాండ్ స్కూటర్ కొనేవాళ్లు అది ఈ తేదీలకు ముందు తయారైందా, తర్వాత తయారైందా చూసుకోండి.

మరి రాత్రి చల్లదనం కావాలంటే నిద్రలో ఛార్జింగ్ పెట్టాలి, నిద్రలో పెడితే భయం. దీనికి దారి ఒకటే. స్థలం మార్చాలి. పడకగదిలో వద్దు. గుమ్మానికి అడ్డంగా వద్దు, మెట్ల కింద అసలే వద్దు. మంట లేచినా మీరు బయటికి రావడానికి దారి మిగలాలి. వరండాలో గాని, గాలి ఆడే షెడ్డులో గాని, పక్కన బట్టలూ అట్టపెట్టెలూ లేని చోట పెట్టండి. బండి దిగగానే ప్లగ్ పెట్టకండి. కనీసం ఓ గంట ఆరనివ్వండి. చెయ్యి పెట్టి చూస్తే ఒంటి వేడి కన్నా ఎక్కువగా తగలకూడదు. కుదిరితే తెల్లవారుజామున లేచాక పెట్టి, మీరు తయారయ్యేలోపు తీసేయండి. తొందరపడి తడిగుడ్డ కప్పేవాళ్లను చూశాను, ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ల గురించీ విన్నాను. దయచేసి అలా చేయకండి. చల్లటి డబ్బా మీద గాలిలోని తేమ నీరై లోపలికి దిగితే వేడి కన్నా పెద్ద ప్రమాదం.

ఇదంతా ఇంటి దగ్గర స్కూటర్ పెట్టుకునేవాళ్లకు. రాయదుర్గంలో రోజంతా తిరిగే డెలివరీ కుర్రాడికి ఈ సలహాల్లో ఒక్కటీ అమలయ్యేది కాదు. అతనికి గంట ఆరనివ్వడమంటే గంట సంపాదన పోవడం. మధ్యాహ్నం భోజనాల వేళే అతనికి ఆర్డర్లు ఎక్కువ, బ్యాటరీకి వేడి ఎక్కువ. బ్యాటరీ మార్చుకునే కేంద్రానికి పోయినా, అప్పుడే వేడిగా తిరిగొచ్చిన బ్యాటరీలు అరల్లో చల్లారేదాకా ఛార్జ్ ఎక్కవు. సగం నిండినదే చేతికొస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. ఆ ఎండ మనిషికి ఎంత ముప్పో ఒప్పుకున్నట్టే కదా. అలాంటప్పుడు మనిషికి నీడ, బండికి నీడ ఒకే చోట ఇవ్వడం పెద్ద పనేమీ కాదు.

ఈ ప్రాంతంలో ఆఫీసు క్యాంపస్‌లు చూసుకునేవాళ్లు ఎవరైనా వింటుంటే, నా విన్నపం ఇది. ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు పన్ను మినహాయింపులు వచ్చాయి, బండ్లు పెరిగాయి. బండ్లతో పాటు ఛార్జింగ్ చోట్లు పెరుగుతున్నాయి, కానీ చాలాచోట్ల అవి ఆరుబయట ఎండలోనో, గాలి ఆడని సెల్లార్‌లోనో ఉంటున్నాయి. రెండూ మంచివి కావు. నాలుగు స్తంభాల మీద రేకుల షెడ్డు వేసి, రేకు మీద తెల్లటి పూత పూయించండి. 2023లో తెలంగాణ తెచ్చిన కూల్ రూఫ్ విధానం భవనాల పైకప్పుల కోసం చెప్పిన ఉపాయమే ఇది. ఎండను వెనక్కి కొట్టే పూత వేస్తే కింద వేడి తగ్గుతుంది. మూడువైపులా తెరిచి ఉంచండి. పక్కనే ఒక బల్ల, తాగే నీళ్లు పెట్టండి. గేటు బయట నిలబడే డెలివరీవాళ్లకూ అందులో ఒక వరస కేటాయించండి. మీ లాన్‌లో రోబో ఉంటే దాని స్టాండ్ మీద కూడా చిన్న గూడు కట్టించండి. యంత్రంతో వచ్చే నల్లటి అడాప్టర్‌ను మరిచిపోకండి. అదీ ఎండలో మాడితే కరెంటు తగ్గించేస్తుంది.

ఒక్కటి మాత్రం అందరూ చేయగలిగింది ఉంది. వందశాతం నింపిన బ్యాటరీని ఎండలో నిలబెట్టకండి. నిండు ఛార్జ్, వేడి రెండూ కలిస్తే బ్యాటరీకి అన్నిటికంటే ఎక్కువ చేటు. బ్యాటరీ నిపుణులు సాధారణంగా చెప్పే లెక్క ఒకటుంది. పూర్తిగా నింపి 40 డిగ్రీల వేడిలో ఏడాది ఊరికే ఉంచిన బ్యాటరీకి తిరిగి మిగిలేది సుమారు మూడింట రెండొంతుల కెపాసిటీ. అదే 40 శాతం మాత్రమే నింపి ఉంచితే 85 శాతం దాకా మిగులుతుంది. పొద్దున స్కూటర్ నిండుగా నింపి మెట్రో దగ్గర ఎండలో వదిలి రైలెక్కేవాళ్లు, ఇంటి నుంచి స్టేషన్‌కు రెండు మూడు కిలోమీటర్లే అయితే, 70, 80 శాతం దగ్గర ఆపేయండి. వానాకాలంలోనో, ఊరెళ్లినప్పుడో మోవర్‌ను నెలలపాటు పక్కన పెట్టేటప్పుడు సగం ఛార్జ్‌తో ఇంటిలోపల పెట్టండి.

చివరిగా, బ్యాటరీ డబ్బా ఉబ్బితే, తియ్యటి రసాయనం వాసన వస్తే, ఛార్జింగ్ పెట్టకుండానే వేడెక్కితే, ఇక దాన్ని ఏ వేళప్పుడూ ఛార్జ్ చేయకండి. ఇంటికి దూరంగా, నీడలో, మండే వస్తువులు లేని చోట పెట్టి సర్వీసువాళ్లను పిలవండి. చెత్తబండిలో వేయకండి, పాత సామాన్లవాడికి అమ్మకండి. చెత్తబండి లోపల నలిగితే అదే అంటుకుంటుంది. 2022 ఆగస్టులో వచ్చిన కేంద్ర ప్రభుత్వపు బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకుని పునర్వినియోగానికి పంపే బాధ్యత తయారీదారుదే. బండి కొన్న షోరూంలో అడగండి. తీసుకోం అని వాళ్లంటే, ఈ నిబంధన పేరు చెప్పి అడగండి.